బాల్కనీ వైరు

పోయినేడు మార్చిలో మల్లికార్జునరావు కరెంటు కారు కొన్నాడు. జూన్ నెలాఖరుకి ఫ్లాటు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆ మూడున్నర నెలల్లో ఏం జరిగిందో నాకు తెలుసు, మా జయలక్ష్మికి తెలుసు. అతనికి మాత్రం ఇవాళ్టికీ తెలియదు.

తెనాలిలో మా అపార్టుమెంటులో పదిహేను ఫ్లాట్లు. మాది మూడో అంతస్తు, వాళ్ళది సరిగ్గా మా కింద. నేను కొల్లిపర దగ్గరి పొలం కౌలుకిచ్చేసి టౌన్లో కూర్చున్నవాణ్ణి. మల్లికార్జునరావుది వేటపాలెం, మగ్గాల కుటుంబం. తెనాలిలో చీరల షాపు పెట్టుకుని మెల్లగా నిలదొక్కుకున్నాడు. కులాలు వేరైనా, అతని భార్య కోటమ్మ ఆ ఫ్లాటులో దిగిన వారంలోనే నన్ను అన్నయ్య గారూ అని పిలిచింది. ఆ లెక్కన అతను నాకు బావ. నాకంటే ఐదేళ్ళు చిన్న.

పదిహేనేళ్ళు రెండిళ్ళకీ ఒకటే కారు. అది నాది. పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, కార్తీక మాసంలో బాపట్ల వెళ్ళి సూర్యలంక సముద్రంలో మునగాలన్నా నా డీజిలు కారే కదలాలి. "బావగారూ, ఎల్లుండి మీకు ఖాళీయేనా అండి?" అని అతను మెట్ల మీద నిలబడి అడిగేవాడు. నేను కాసేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "నీకోసం ఖాళీ చేసుకుంటాలే బావా," అనేవాణ్ణి. నాకు ఎల్లుండే కాదు, ఏరోజూ పని ఉండేది కాదు. కానీ ఆ అడగడం, నేను సరేననడం నాకు ఎంత ఇష్టంగా ఉండేవో అప్పట్లో నాకే తెలియదు.

కోటమ్మకి మాత్రం కారు పడదు. డీజిలు వాసన ముక్కుకి తగిలితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేది. ఎంత దగ్గర ప్రయాణమైనా ఒకసారి ఆపాల్సిందే. బస్సయినా అంతే, ఆటో అయినా అంతే. ఆమె తల్లి రేపల్లె అవతల ఓ పల్లెలో కొడుకు దగ్గర ఉండేది. రేపల్లె దాకా రైల్లో సుఖంగా వెళ్ళొచ్చు గానీ, అక్కణ్ణించి తొమ్మిది కిలోమీటర్లు డీజిలు ఆటోలో వెళ్ళాలి. దానికి భయపడి ఏడాదికి రెండుసార్లు మించి వెళ్ళేది కాదు. ఫిబ్రవరిలో ఆ ముసలావిడకి పక్షవాతం వచ్చి మంచాన పడింది. నెల తిరక్కుండా మల్లికార్జునరావు ఆ కారు తెచ్చాడు.

తెచ్చిన ఆదివారమే మమ్మల్ని ఎక్కించుకుని బాపట్ల తీసుకెళ్ళాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. స్టార్టు చేశాడో లేదో తెలియలేదు. "ఇంకా బయల్దేరవేం బావా?" అని నేనంటుండగానే గేటు దాటేశాం. వాచ్‌మన్ దేవసహాయం చప్పుడు వినపడక ఉలిక్కిపడి పక్కకి గెంతాడు. గేర్లు లేవు, క్లచ్చి లేదు. కాలు తీస్తే చాలు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బండి నెమ్మదించేది. పొన్నూరు దగ్గర టీకి ఆగితే నలుగురు చుట్టూ మూగారు. "ఒకసారి చార్జింగు పెడితే ఎన్ని కిలోమీటర్లు వస్తుందండీ?" "వర్షంలో షాకు కొట్టదా అండీ?" మల్లికార్జునరావు ఒక్కొక్కరికీ ఓపిగ్గా, షాపులో చీర మడత విప్పి చూపించినట్టు చెప్పాడు.

వెనక సీట్లో కోటమ్మ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. నిమ్మకాయ తెచ్చుకుంది గానీ సంచిలోంచి తియ్యలేదు. సూర్యలంకలో దిగగానే, "వదిన గారూ, నాకు ఆకలేస్తోందండీ," అని నవ్వింది. ప్రయాణం చేసి దిగి ఆకలేస్తోందని ఆమె అనడం నేనెప్పుడూ వినలేదు. రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీలు తింది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

ఆ తర్వాత రోజు విడిచి రోజు వాళ్ళు రేపల్లె వైపు వెళ్ళడం మొదలెట్టారు. పొద్దున్నే క్యారేజీలో రాగిజావ పోసుకుని వెళ్ళి, తల్లికి ఒళ్ళు తుడిచి, జావ తాగించి, పదకొండింటికి అతను షాపు తెరిచే వేళకి వచ్చేసేవాళ్ళు. "అమ్మ ఇవాళ నా పేరు పలికింది అన్నయ్య గారూ," అని కోటమ్మ ఒకరోజు లిఫ్టు దగ్గర చెప్పింది. నేను సంతోషమన్నాను.

ఎల్లుండి ఖాళీయేనా అని మెట్ల మీద నన్నడిగేవాళ్ళు లేకుండా పోయారు.

మొదట్లో అతను షాపు దగ్గరే చార్జింగు పెట్టుకునేవాడు. అక్కడ నీడ లేదు, వైరు రోడ్డు మీదికి వస్తోందని పక్క షాపు వాళ్ళు గొడవ పెట్టారు. అందుకని తన మీటరు నుంచి కింద పార్కింగులోకి కేబులు వేయించుకుంటానని నా దగ్గరికి వచ్చాడు. అసోసియేషన్ సెక్రటరీని నేనే. పనీపాటా లేనివాణ్ణని అందరూ కలిసి ఆ పదవి నాకిచ్చారు.

"మీరు ఊ అంటే రేపే మనిషిని పిలిపిస్తానండి. ఖర్చంతా నాదే," అన్నాడు.

"నాదేముంది బావా. మీటింగులో పెట్టాలి. నలుగురూ నాలుగు రకాలు," అన్నాను.

మీటింగుకి రెండ్రోజుల ముందు, ఎక్కడో రోడ్డు మీద కాలిపోతున్న బ్యాటరీ స్కూటరు వీడియో నా ఫోనుకొచ్చింది. దాన్ని అపార్టుమెంటు గ్రూపులో పెట్టాను. కింద ఒక్క మాట కూడా రాయలేదు. రాయక్కర్లేకపోయింది. ఆదివారం పొద్దున సెల్లారులో కుర్చీలు వేసుకుని కూర్చునేసరికి, మనవలున్న వాళ్ళందరూ వణికిపోతున్నారు. లెక్చరరు ప్రశాంతి ఒక్కతే లేచి, "అది స్కూటరు అండీ, కారు కాదు. అదెక్కడిదో, ఎందుకు కాలిందో కూడా తెలీదు," అంది. ఎవరూ వినలేదు. తెలిసినవాళ్ళని అడిగి తర్వాత చూద్దామని నేను వాయిదా వేశాను. నేనెవరినీ అడగలేదు.

మల్లికార్జునరావుకి నా మీద ఇసుమంత అనుమానం రాలేదు. "మీరేం చేస్తారు బావగారూ, అందరూ ఒక్కటైతే," అని తిరిగి నన్నే ఓదార్చాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. "మీటింగు తేలేదాకా బాల్కనీలోంచి వైరు కిందికి వదులుకోనా అండి? మందం వైరే వేయిస్తాను. పగలు తీసేస్తాను."

"కానివ్వు బావా, నేనున్నాగా," అన్నాను.

అప్పటికి నాకు నిజంగానే అడ్డుపడాలని లేదు. ఉందో లేదో, సరిగా చెప్పలేను.

ఏప్రిల్ మూడో వారంలో రేపల్లెలో మా రెండిళ్ళకీ తెలిసినవాళ్ళ పెళ్ళి వచ్చింది. ముందురోజు మల్లికార్జునరావు ఇంట్లో కాఫీ తాగుతూ, పొద్దున ఆరింటికి నా కారు తీస్తానన్నాను. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మన కారులోనే పోదాంలెండి బావగారూ," అన్నాడతను. "మీ దాంట్లో అయితే కోటమ్మకి పడదు."

కోటమ్మ నవ్వుతూ కాఫీ గ్లాసులు తీసింది. "పదిహేనేళ్ళు మీ కారులో చచ్చి బతికానండీ అన్నయ్య గారూ. ఇక నా వల్ల కాదు!"

ఆమె మనసులో ఏమీ లేదు. అన్నని ఆటపట్టించినట్టు అంది. పక్కన జయలక్ష్మి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. "నిజమే వదినా, ఆ కవరు మడిచి పట్టుకోవడం నేను చూడలేకపోయేదాన్ని!" అంది. మల్లికార్జునరావు కూడా నవ్వాడు. వాళ్ళు ముగ్గురూ పదిహేనేళ్ళ ప్రయాణాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని నవ్వుకుంటుంటే, ఆ కారు కడిగి, గాలి కొట్టించి, వాళ్ళ కోసం తెల్లారకముందే లేచి తోలిన మనిషిని నేను అక్కడే కూర్చుని ఉన్నానని ఎవరికీ గుర్తులేదు.

పెళ్ళికి నాకు ఒంట్లో బాగాలేదని మానేశాను. వాళ్ళు ముగ్గురూ వెళ్ళారు. నేను స్టేషను దగ్గర డీటీపీ షాపుకి వెళ్ళి, కరెంటు ఆఫీసుకి ఒక ఉత్తరం కొట్టించి పంపాను. ఫలానా అపార్టుమెంటులో రెండో అంతస్తు నుంచి వైరు బయటికి వేలాడదీసి ప్రమాదకరంగా కారుకి చార్జింగు పెడుతున్నారని, పసిపిల్లలు తిరిగే చోటని, వెంటనే చర్య తీసుకోమని. కింద పేరు లేదు. ఇట్లు, నివాసులు.

మూడో రోజున కరెంటు ఆఫీసు ఇంజనీరు, ఏఈ గారు, లైన్‌మేన్‌తో వచ్చినప్పుడు మల్లికార్జునరావు షాపులో ఉన్నాడు. కోటమ్మ నన్ను పిలిచింది. ఏఈ గారు మర్యాదస్తుడు. "బయట వేలాడే వైరు మీద బండి చార్జింగు పెట్టకూడదమ్మా. అసోసియేషన్ తీర్మానం చేసి కాగితం ఇస్తే, పద్ధతిగా కేబులు వేయించుకోవచ్చు. మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు. నా వైపు తిరిగి, "సెక్రటరీ గారు మీరేనా? ఒక్క సంతకం పని సార్," అన్నాడు. లైన్‌మేన్ బాల్కనీలో ఉన్న వైరు చుట్ట చుట్టి కోటమ్మ చేతికిచ్చాడు.

సాయంత్రం మల్లికార్జునరావు మా ఇంటికొచ్చాడు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఎవరై ఉంటారు బావగారూ? నేనెవరికీ ఏ అపకారం చెయ్యలేదే."

"కనుక్కుంటాను. ఊరుకునేది లేదు," అన్నాను.

"వద్దులెండి. పేరు తెలిస్తే రోజూ ఆ మొహం చూడాలి. తెలియకపోవడమే మేలు."

జయలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "పాపం, అన్నయ్య," అంది అతను వెళ్ళాక.

మర్నాడు మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద ఒక కాగితం పరిచి ఉంది. తడిసి ఆరిన కాగితం. ఎగరకుండా దాని మీద ఉప్పు జాడీ పెట్టి ఉంది. డీటీపీ షాపులో మొదట కొట్టించి, ఒక తప్పు దొర్లిందని నేను మడిచి జేబులో పెట్టుకున్నది. ఉతకడానికి చొక్కా నానబెట్టినప్పుడు దొరికినట్టుంది. అక్షరాలు కొంచెం అలుక్కున్నా చదవడానికి వీలుగానే ఉంది.

జయలక్ష్మి కంచం తెచ్చి, ఆ కాగితం పక్కనే పెట్టింది. "అన్నం పెట్టమంటారా?" అంది.

నేను తిన్నంతసేపూ అది అక్కడే ఉంది. మజ్జిగ పోస్తూ ఒక్కటే మాటంది: "మీటింగు పెట్టండి."

"పెడతాలే జయా. వెంటనే పెడితే బాగుండదు. ఓ పదిరోజులు పోనీ."

ఆమె మళ్ళీ అడగలేదు. నేను పెట్టలేదు. పెడదామనే అనుకున్నాను. ఒకసారి నోటీసు కూడా రాశాను. దేవసహాయాన్ని పిలిచి అంటించమని ఇవ్వబోయి, ఇప్పుడిది పెడితే ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదంటారని ఆగిపోయాను.

ఇక అతనికి గుంటూరు రోడ్డులో పెట్రోలు బంకు దగ్గరున్న చార్జింగు పాయింటే గతి. ఒకరోజు మధ్యాహ్నం నేను అటు వెళ్తూ చూశాను. మే నెల ఎండ. రెండు బళ్ళ వెనక అతని కారు ఆగి ఉంది. ముందు సీట్లో కోటమ్మ ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. కారు పక్కన ఆపి, ఇంకెంతసేపని అడిగాను.

"మన వంతు రావడానికి గంట, చార్జింగు ఎక్కడానికి గంట బావగారూ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "ఇవాళ్టికి ఇక రేపల్లె వెళ్ళలేం. రేపు చూడాలి."

"జావ పులిసిపోయుంటుందండీ," అంది కోటమ్మ, క్యారేజీ వంక చూసి.

రోజు విడిచి రోజు వెళ్ళేవాళ్ళు వారానికి ఒకసారికి దిగారు.

మే ఇరవై రెండో తేదీ పొద్దున పది దాటింది. తలుపు కొట్టారు. మల్లికార్జునరావు లుంగీ మీదే ఉన్నాడు. "బావగారూ, తమ్ముడు ఫోన్ చేశాడండి. అత్తయ్యకి ఆయాసం ఎక్కువైందట, కోటమ్మనే అడుగుతోందట. మా బండిలో చార్జింగు తొమ్మిది శాతమే ఉంది. మధ్యాహ్నం పెట్టిద్దామనుకున్నాను. మీ కారు..."

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. ఆ మాట వినగానే నాకు క్షణంపాటు సంతోషం కలిగింది. "పద బావా, నేనుండగా నీకేం," అంటూ తాళాలు తీసుకున్నాను. వెనక్కి తిరిగితే జయలక్ష్మి నన్ను చూస్తోంది. చెప్పులేసుకుని తనూ వచ్చింది.

కోటమ్మ నిమ్మకాయ తెచ్చుకోలేదు. తెచ్చుకునే ధ్యాస ఎక్కడుంది? నా కారులో ఏసీ సరిగ్గా పనిచెయ్యదు. అద్దాలు దింపితే వడగాలి, ఎత్తితే వాసన. జంపని దగ్గర మొదటిసారి ఆపాను. ఆమె రోడ్డు పక్కన కూర్చుని కక్కుకుంది. మల్లికార్జునరావు వీపు రాశాడు. మళ్ళీ ఎక్కింది. "పోనివ్వండి అన్నయ్య గారూ, నా కోసం ఆపొద్దు," అంది. వేమూరు దాటాక ఆపక తప్పలేదు. అప్పటికి కడుపులో ఏమీ లేదు, అయినా డోకు ఆగలేదు. లేచి నిలబడలేక గట్టు మీద కూలబడింది. జయలక్ష్మి నీళ్ళు చల్లి, కొంగుతో విసిరింది. పది నిమిషాలు పట్టింది. భట్టిప్రోలు దగ్గర రైలు గేటు పడింది. గేటు ముందు ఆగిన లారీల పొగ మధ్య మూడోసారి. నేను స్టీరింగు పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాను. పక్క సీట్లోకి జయలక్ష్మి తిరిగి ఎక్కింది. నా వంక చూడలేదు.

రేపల్లె దాటి ఆ ఊళ్ళోకి వెళ్ళేసరికి ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. కోటమ్మ తమ్ముడు కోటిబాబు కారు తలుపు తీసి, "ఇప్పుడే అక్కా. పావుగంటైంది," అన్నాడు.

కోటమ్మ ఏడవలేదు. దిగి, తలుపు పట్టుకుని నిలబడింది. "కాసిని నీళ్ళు ఇవ్వు తమ్ముడూ," అంది. "నోరు కడుక్కుని వస్తాను. ఇలా అమ్మ దగ్గరికి ఎలా వెళ్ళను?"

అతను చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆమె గోడవారగా నిలబడి మూడుసార్లు నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, చీర మీద మరకలు తడిచేత్తో తుడుచుకుని, అప్పుడు లోపలికి వెళ్ళింది. లోపల నుంచి ఏడుపు వినిపించింది.

సాయంత్రం అన్నీ అయ్యాక మేము బయల్దేరుతుంటే, కోటమ్మ కారు దాకా వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు లేకపోతే ఆ కాస్త చూపు కూడా దక్కేది కాదు అన్నయ్య గారూ. నా సొంత అన్న ఉన్నా ఇంత చెయ్యడు," అంది.

కారు స్టార్టు చేశాను. జయలక్ష్మి ఎక్కలేదు. "నేను రైల్లో వస్తాను," అంది. కోటిబాబు ఆమెని స్టేషనులో దింపాడట. ఆరోజు నుంచి ఇవాళ్టి వరకూ ఆమె నా కారు ఎక్కలేదు. గుడికైనా, డాక్టరు దగ్గరికైనా ఆటోలో వెళ్తుంది. వెళ్ళేముందు నాకు చెప్పే వెళ్తుంది. వేళకి కాఫీ ఇస్తుంది, మాత్రలు గుర్తు చేస్తుంది. చూసేవాళ్ళకి మా ఇంట్లో ఏ తేడా కనపడదు.

పదకొండో రోజు అయ్యాక మల్లికార్జునరావు అంగలకుదురులో ఇండిపెండెంటు ఇల్లు చూసుకున్నాడు. ఇంటి ముందు సొంత పోర్టికో. "అక్కడైతే ఎవరినీ అడగక్కర్లేదు బావగారూ," అన్నాడు. "ఇక రేపల్లె ఎవరి కోసం తిరగాలి గానీ, కోటమ్మకి ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదు." సామాను లారీలోకి ఎక్కిస్తున్న రోజు చెప్పేద్దామని కిందికి దిగాను. అతను నన్ను చూసి, ఎక్కడ పడిపోతానో అన్నట్టు నా మోచెయ్యి పట్టుకుని బల్లలూ మంచాల మధ్య నుంచి జాగ్రత్తగా అవతలికి దాటించాడు. చెప్పలేకపోయాను.

జూలైలో ప్రశాంతి బ్యాటరీ స్కూటరు కొంది. పార్కింగులో చార్జింగుకి తీర్మానం అడిగింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. పది నిమిషాల్లో మీటింగు ముగిసింది. సంతకం పెట్టాను.

సామానుతో ముందే దిగినా, ముహూర్తం చూసుకుని వాళ్ళు శ్రావణంలో చేసిన గృహప్రవేశానికి ఇద్దరం ఆటోలో వెళ్ళాం. భోజనాలయ్యాక మల్లికార్జునరావు మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టాడు. జయలక్ష్మికి చీర, నాకు పంచెల చాపు, చొక్కా గుడ్డ. వచ్చినవాళ్ళందరి ముందూ, "ఆ గడ్డురోజుల్లో నాకు నిలబడ్డ మనిషి," అని నన్ను చూపించాడు. కోటమ్మ బొట్టు పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు ఆ కవరు ఆటోలో మా ఇద్దరి మధ్యా ఉంది.

"నాకు చొక్కాలున్నాయిగా జయా. ఇది ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాను.

"ఇవ్వద్దు," అంది రోడ్డు వంక చూస్తూ. "నేను కుట్టిస్తాను. మీరు తొడుక్కోవాలి."

తనే దర్జీ దగ్గరికి వెళ్ళి, నా పాత చొక్కా కొలతకిచ్చి కుట్టించింది. దసరాకి వాళ్ళు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆ పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది. తొడుక్కున్నాను. అంగలకుదురులో ఆటో దిగగానే కోటమ్మ గుమ్మంలోకి ఎదురొచ్చింది.

"ఎంత బాగా నప్పిందో అన్నయ్య గారికి!" అంది మురిసిపోతూ.

జయలక్ష్మి నా భుజం మీద ముడత సరిచేసి, ఆమె సరిగ్గా చూసేందుకు పక్కకి తప్పుకుంది.